కత్తెర పట్టిన దర్శకుడు: హృషీకేశ్ ముఖర్జీ

1975 ఆగస్టు 15న 'షోలే' విడుదలైంది. ధర్మేంద్ర, అమితాబ్ బచ్చన్ జంట అనగానే దేశమంతా ఆ సినిమానే తలుచుకుంటుంది. అదే జంట అంతకు నాలుగు నెలల ముందు, ఏప్రిల్‌లో, 'చుప్కే చుప్కే'లో కనిపించింది. అందులో ధర్మేంద్ర వృక్షశాస్త్రం ప్రొఫెసరు, బచ్చన్ ఇంగ్లీషు ప్రొఫెసరు. శుద్ధ హిందీ తప్ప మరో మాట సహించని తోడల్లుడిని ఆటపట్టించడానికి ధర్మేంద్ర కారు డ్రైవరు వేషం వేస్తాడు. స్నేహితుడి స్థానంలో బచ్చన్ వృక్షశాస్త్రం ప్రొఫెసరుగా నటించాల్సి వచ్చి నానా అవస్థలు పడతాడు. సినిమా మొత్తం మీద ఎవరూ ఎవరినీ కొట్టరు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాదు. రెండు గంటల పైచిలుకు సేపు ప్రేక్షకుడు నవ్వుతూనే ఉంటాడు.

ఆ ఏడాది జనవరిలోనే 'దీవార్' వచ్చింది. బచ్చన్ కోపం మీద హిందీ సినిమా వ్యాపారం ఊపందుకుంటున్న కాలమది. ధర్మేంద్ర కండబలానికి మారుపేరు. అలాంటి ఇద్దరినీ తెచ్చి ఒక ఇంటి వరండాలో, వంటింట్లో, తోటలో నిలబెట్టి కథ నడిపించిన దర్శకుడు హృషీకేశ్ ముఖర్జీ. పరిశ్రమలో అందరికీ హృషీదా. తారలు ఆయన దగ్గరికి గౌరవంతో వచ్చేవారని తరచుగా అంటుంటారు. అది నిజమే గానీ, గౌరవం ఒక్కటే ఇన్నేళ్ళపాటు ఇన్ని సినిమాలను నడిపించలేదు. అసలు బలం మరోచోట ఉంది. ఆయన దర్శకుడు కావడానికి ముందు ఎడిటర్, అయిన తర్వాత కూడా ఎడిటరే. ఏ షాటు ఎంతసేపు కావాలో, ఎక్కడ తెగాలో కెమెరా తిరగకముందే ఆయనకు తెలుసు. అందువల్ల షూటింగు త్వరగా అయ్యేది, ఖర్చు తగ్గేది. ఖర్చు తక్కువైన సినిమాకు ఫైట్లు పెట్టమని, డాన్సులు పెట్టమని ఒత్తిడి చేసేవాళ్ళు తక్కువ. ఆ సినిమాల్లో కనిపించే మెత్తదనానికి పునాది ఈ కఠినమైన పొదుపే.

హృషీకేశ్ ముఖర్జీ 1922 సెప్టెంబరు 30న కలకత్తాలో పుట్టారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివి, కొంతకాలం గణితం, సైన్సు పాఠాలు చెప్పారు. 1940ల చివర్లో బి.ఎన్. సర్కార్ స్థాపించిన న్యూ థియేటర్స్ చిత్ర నిర్మాణ సంస్థలో చేరారు. మొదట కెమెరా విభాగం, తర్వాత ఎడిటింగ్ గది. అక్కడ సుబోధ్ మిత్ర దగ్గర పని నేర్చుకున్నారు. న్యూ థియేటర్స్ దశ తిరగబడుతున్న రోజులవి. దేశ విభజనతో బెంగాలీ సినిమా మార్కెట్టు చీలిపోయింది. ప్రతిభావంతులైన సాంకేతిక నిపుణులు బొంబాయి బాట పట్టారు. దర్శకుడు బిమల్ రాయ్ తన బృందంతో వెళ్ళినప్పుడు అందులో హృషీకేశ్ ముఖర్జీ ఉన్నారు. 1951 నుంచి ఆయన దగ్గర ఎడిటర్‌గా, సహాయ దర్శకుడిగా పనిచేశారు.

ఆ అప్రెంటిస్‌షిప్ ఎంత గట్టిదో 1953 నాటి 'దో బిఘా జమీన్' చూస్తే తెలుస్తుంది. సలిల్ చౌధురి కథకు స్క్రీన్‌ప్లే రాసింది, ఆ సినిమాను ఎడిట్ చేసింది హృషీకేశే. రెండు బిఘాల భూమిని జమీందారు నుంచి దక్కించుకోవడానికి కలకత్తా వెళ్ళి రిక్షా లాగే శంభు కథ అది. అందులో ఒక సన్నివేశం ఉంది. అలిగి మరో రిక్షాలో వెళ్ళిపోతున్న అమ్మాయిని పట్టుకోవాలని ఒకాయన శంభు రిక్షా ఎక్కుతాడు. ఇంకా వేగంగా లాగితే ఇంకా డబ్బులిస్తానంటాడు. శంభు పరుగెత్తుతాడు. ఎక్కినాయన రేటు పెంచుతూ పోతాడు, శంభు వేగం పెంచుతూ పోతాడు. కాళ్ళు, చక్రం, ముఖం, ఆశ పెట్టే ఆ గొంతు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే చూసేవాడికి ఊపిరాడదు. చివరికి చక్రం ఊడుతుంది, శంభు కిందపడతాడు. పేదవాడి శ్రమను డబ్బు ఎలా తరుముతుందో చెప్పడానికి అక్కడ ఒక్క ఉపన్యాసం లేదు. బల్రాజ్ సాహ్నీ నటన ఎంత గొప్పదో, ఆ కూర్పు కూడా అంతే గొప్పది. ఆ సినిమాకు 1954లో కాన్ చిత్రోత్సవంలో అంతర్జాతీయ బహుమతి దక్కింది.

బిమల్ రాయ్ తీసిన 'దేవదాస్', 'మధుమతి' సినిమాలకూ ఆయనే ఎడిటర్. దర్శకుడిగా పేరొచ్చాక కూడా ఇతరుల సినిమాలు ఎడిట్ చేయడం ఆయన మానలేదు. మలయాళంలో 1965లో వచ్చిన 'చెమ్మీన్' ఎడిటింగులో కె.డి. జార్జ్‌తో పాటు హృషీకేశ్ ముఖర్జీ పేరు ఉంటుంది. ఆ సినిమాకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. 'పాతాళ భైరవి', 'మాయాబజార్' చూసిన తెలుగువారికి ఆయన్ని పరిచయం చేయనక్కర్లేదు. ఇక 1983లో మన్మోహన్ దేశాయ్ తీసిన 'కూలీ' సంగతి. షూటింగులో బచ్చన్ తీవ్రంగా గాయపడి ప్రాణాపాయంలోకి వెళ్ళిన ఫైటు దగ్గర తెర ఒక్క క్షణం స్తంభిస్తుంది. దెబ్బ తగిలింది ఇక్కడే అని అక్షరాలు కనిపిస్తాయి. ఆ సినిమా ఎడిటర్ కూడా హృషీకేశ్ ముఖర్జీయే. తన సినిమాల్లో ఏనాడూ పెట్టని ఆర్భాటమంతా ఉన్న చిత్రానికి కూడా ఆయన శ్రద్ధగా కత్తెర పట్టారు. పని పట్ల ఆ గౌరవం గమనించదగ్గది.

దర్శకుడిగా తొలి సినిమా 'ముసాఫిర్' 1957లో వచ్చింది. రచనలో బెంగాలీ దర్శకుడు రిత్విక్ ఘటక్ పాలుపంచుకున్నారు. ఒకే ఇల్లు, వరుసగా మూడు కుటుంబాలు అద్దెకు దిగుతాయి. మొదటి కుటుంబంలో పెళ్ళి, రెండో దాంట్లో పుట్టుక, మూడో దాంట్లో మరణం. మనుషులు మారుతుంటారు, ఇల్లు అలాగే ఉంటుంది. దిలీప్ కుమార్, సుచిత్రా సేన్, కిశోర్ కుమార్ లాంటివారు ఉన్నా సినిమా ఆడలేదు. కానీ ఆయన రాబోయే నలభై ఏళ్ళ సినిమాకు నమూనా అందులోనే ఉంది. నాలుగు గోడల మధ్య కథ, పెద్ద సంఘటనల కన్నా చిన్న మార్పులు, మంచి చెడ్డల మధ్య ఊగే మామూలు మనుషులు. 'ముసాఫిర్' నచ్చిన రాజ్ కపూర్ తర్వాతి సినిమా 'అనాడీ' (1959)లో నటించారు. అది పెద్ద విజయం. అందులో అద్దెకుండే అమాయకుడిని తిడుతూనే కడుపునిండా అన్నం పెట్టే ఇంటావిడ మిసెస్ డీసా పాత్ర లలితా పవార్‌ది. గయ్యాళి అత్తగా దేశమంతా గుర్తుపట్టే నటిని తెచ్చి తల్లిని చేశారు హృషీదా. తారను అలవాటైన ముద్ర నుంచి బయటికి లాగే ఆ పద్ధతి తర్వాతి కాలంలో ధర్మేంద్రకు, బచ్చన్‌కు, రేఖకు ఎంతో మేలు చేసింది.

ఆ సినిమాలో కల్తీ మందు అమ్మే కంపెనీ యజమాని మోతీలాల్. ఆ మందే మిసెస్ డీసాను చంపుతుంది. మరో దర్శకుడైతే ఆ యజమానిని దుర్మార్గుడిగా నిలబెట్టి చివర్లో శిక్షించేవాడు. హృషీదా మాత్రం అతనికి మనస్సాక్షి మిగిల్చి, చివరికి తన నోటితోనే తప్పు ఒప్పిస్తారు. ఆయన సినిమాల్లో విలన్ల కొరత ఇక్కడ నుంచే మొదలైంది.

1960లో వచ్చిన 'అనురాధ'కు రాష్ట్రపతి స్వర్ణపతకం లభించింది. పల్లెటూరి డాక్టరును ప్రేమించి పెళ్ళాడిన గాయని, క్రమంగా పాటకు దూరమై ఇంటి చాకిరీలో మునిగిపోవడం కథ. సంగీతం పండిట్ రవిశంకర్. డాక్టరుగా బల్రాజ్ సాహ్నీ, గాయనిగా లీలా నాయుడు. లీలా నాయుడు తండ్రి, భౌతిక శాస్త్రవేత్త పత్తిపాటి రామయ్య నాయుడు మదనపల్లె మనిషి. ఆమెకు అదే తొలి సినిమా. డాక్టరు చెడ్డవాడు కాడు, రోగుల కోసం రాత్రింబవళ్ళు పనిచేసే ఆదర్శవాది. అక్కడే ఉంది చిక్కు. అతని ఆదర్శానికి ఖరీదు ఎవరు కడుతున్నారో అతనికి కనిపించదు. బయటి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి భోజనానికి కూర్చుని ఆ ఇల్లాలి త్యాగం గురించి చెప్పేదాకా భర్తకు తట్టదు. మంచివాళ్ళు చేసే అన్యాయం గురించి హిందీ సినిమా ఇంత నిశితంగా మాట్లాడటం అంతకుముందు అరుదు.

1960ల్లో ఆయన వరుసగా తీసినవాటిలో అన్నీ ఒకే స్థాయివి కావు. 'అనుపమ' (1966), అశోక్ కుమార్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం తెచ్చిన 'ఆశీర్వాద్' (1968) నిలిచాయి. కొన్ని మరుగున పడ్డాయి. కానీ 1969 నాటి 'సత్యకామ్' దగ్గర ఆగాలి.

ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలి కథ తెలుగు పాఠకులకు తెలిసిందే. తండ్రి ఎవరో తెలియదని గురువు ముందు నిజం చెప్పి, ఆ నిజమే అర్హతగా శిష్యరికం పొందిన బాలుడు. నారాయణ్ సన్యాల్ బెంగాలీ నవల ఆధారంగా తీసిన ఈ సినిమాలో ఆ కథ నీడ ఉంటుంది. సత్యప్రియ ఆచార్య అనే ఇంజనీరు స్వాతంత్ర్యం వస్తోందన్న ఉత్సాహంతో ఉద్యోగ జీవితంలోకి అడుగుపెడతాడు. ధర్మేంద్ర ఆ పాత్ర చేశారు. తన జీవితంలోకెల్లా గొప్ప నటన అక్కడే చేశారంటే అతిశయోక్తి కాదు. సత్యప్రియ అబద్ధం చెప్పలేడు, లంచం తీసుకోలేడు, రాజీ పడలేడు. ఉద్యోగాలు పోతాయి, స్నేహాలు పలచబడతాయి. సంస్థానాధీశుడి చేతిలో బలైన రంజనను పెళ్ళాడి, ఆమె బిడ్డను తన బిడ్డగా పెంచుతాడు. గురుకులం నడిపే తాతగారు మాత్రం ఆమెను ఇంట్లోకి రానివ్వడు.

చివరికి సత్యప్రియ గొంతు క్యాన్సరుతో ఆసుపత్రి పాలవుతాడు. మాట పోయింది. భార్యాబిడ్డలకు చిల్లిగవ్వ మిగల్చలేదు. ఒక కాంట్రాక్టరు తన పని సవ్యంగా ఉందని సంతకం పెడితే కుటుంబానికి డబ్బిస్తానంటాడు. జీవితమంతా ఒక్క తప్పుడు కాగితం మీద చెయ్యి పెట్టని మనిషి, మంచం మీద పడుకుని సంతకం చేస్తాడు. దాన్ని రంజన చేతికిస్తాడు. ఆమె చూస్తుంది, చించేస్తుంది. మాట్లాడలేని అతని ముఖంలో సంతోషం వెలుగుతుంది. తాను ఓడిపోయిన క్షణంలో తన సత్యాన్ని ఆమె కాపాడింది. ఇంత బరువైన సన్నివేశంలో సంభాషణ అవసరం పడలేదు. ఒక కాగితం, ఇద్దరి ముఖాలు, అంతే. ఆ తర్వాత, తండ్రికి తలకొరివి ఎందుకు పెట్టకూడదో ఆ పిల్లవాడు తాతగారికి చెబుతాడు. నేను ఆయన కన్నబిడ్డను కాను, అమ్మ చెప్పింది అంటాడు. శాస్త్రాలు చదివిన వృద్ధుడు ఆ పసివాడి ముందు తల వంచుతాడు.

'సత్యకామ్' డబ్బు చేసుకోలేదు. స్వతంత్ర భారతం తొలి రెండు దశాబ్దాల నిరాశను అంత నిజాయితీగా చూపిన సినిమాను అప్పుడు ప్రేక్షకులు దూరం పెట్టారు. ఆ తర్వాత హృషీదా మళ్ళీ అంత చేదు సినిమా తీయలేదు. చెప్పే విషయం మార్చలేదు గానీ, చెప్పే గొంతు మార్చుకున్నారు. 1970ల సినిమాల్లోని నవ్వు, ఆర్ద్రత వెనుక ఆ దెబ్బ ఉందనిపిస్తుంది.

రెండేళ్ళలో 'ఆనంద్' వచ్చింది. రాజేశ్ ఖన్నా అప్పటికి సూపర్‌స్టార్. పక్కన బచ్చన్ ఇంకా నిలదొక్కుకోని నటుడు. పేగుల క్యాన్సరుతో కొద్ది నెలల్లో చనిపోబోతున్న ఆనంద్ ఢిల్లీ నుంచి బొంబాయి వస్తాడు. వచ్చీ రాగానే ఊరందరినీ స్నేహితులను చేసుకుంటాడు. గంభీరమైన డాక్టరు భాస్కర్ బెనర్జీకి అతనొక ప్రశ్న అవుతాడు. ఆనంద్ పాత్రకు ప్రేరణ రాజ్ కపూర్‌తో హృషీదాకున్న స్నేహం. రాజ్ కపూర్ ఆయన్ను 'బాబూమొశాయ్' (బెంగాలీలో అయ్యగారూ అన్నట్టు) అని పిలిచేవారు. సినిమాను రాజ్ కపూర్‌కు, బొంబాయి నగరానికి అంకితం ఇచ్చారు.

ఈ సినిమా కట్టుబాటు చూడండి. మొదటి సన్నివేశంలోనే భాస్కర్ రాసిన 'ఆనంద్' పుస్తకానికి బహుమతి ఇస్తుంటారు. ఆనంద్ చనిపోయాడని అక్కడే తెలిసిపోతుంది. బతుకుతాడా లేదా అన్న ఉత్కంఠను మొదట్లోనే తీసి పక్కన పెట్టేశారు. దాంతో ప్రేక్షకుడికి మిగిలిన పని ఒక్కటే, ఆ మనిషితో గడపడం. ముక్కూ మొహం తెలియని వాళ్ళను వీపు మీద చరిచి మురారీలాల్ అని పలకరించే ఆనంద్‌కు, ఒకరోజు జానీ వాకర్ పాత్ర ఈసాభాయ్ అదే ధోరణిలో మరో పేరుతో బదులిస్తాడు. నిజానికి ఇద్దరికీ పరిచయమే లేదు. ఆ ఒక్క క్షణంలో ఆనంద్ ముఖం చూస్తే, ఇన్నాళ్ళూ అతను వెతుకుతున్నది ఈ జవాబునే అని అర్థమవుతుంది.

ఇక చివర్లో టేపు రికార్డరు. మృత్యువును కవితగా పిలిచే భాస్కర్ గొంతు టేపులోంచి వినిపిస్తుండగా ఆనంద్ కన్నుమూస్తాడు. ఆ కవిత గుల్జార్ రాసింది. మందు కోసం వెళ్ళిన భాస్కర్ ఆలస్యంగా వస్తాడు. ఆరు నెలలుగా వాగుతూనే ఉన్నావు, ఇప్పుడు మాట్లాడు అని శవం మీద అరుస్తాడు. గదిలో నిశ్శబ్దం. ఎవరూ ఆపని టేపు తిరుగుతూనే ఉంది. హఠాత్తుగా అందులోంచి ఆనంద్ గొంతు, బాబూమొశాయ్ అని. మనమంతా రంగస్థలం మీద బొమ్మలమనే నాటకీయమైన మాటలు, వెంటే నవ్వు. అది ఒట్టి ఏడుపు సన్నివేశం కాదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉండాలో, గొంతు ఎప్పుడు రావాలో తెలిసిన చెయ్యి కట్టిన సన్నివేశం. కొంచెం ముందు వస్తే తమాషా అయ్యేది. కొంచెం ఆలస్యమైతే ప్రేక్షకుడు ఎదురుచూసేవాడు. అందుకే యాభై ఏళ్ళ తర్వాత, ఎన్నోసారి చూస్తున్నవారికి కూడా, అది దొంగదెబ్బలాగే తగులుతుంది.

అదే ఏడాది వచ్చిన 'గుడ్డీ' సినిమా వెలుగుల వెనుక ఏముందో చూపిన సినిమా. ధర్మేంద్ర మీద పిచ్చి అభిమానమున్న బడిపిల్ల గుడ్డీ. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చిన జయా భాదురి ఆ పాత్రతో హిందీ తెరకు పరిచయమైంది. ధర్మేంద్ర తనలాగే, ధర్మేంద్రగానే నటించారు. ఆ పిల్లను స్టూడియోకు తీసుకెళ్ళి, చెమటోడ్చే కార్మికులను, దెబ్బలు తినే డూప్‌లను, హీరో అవుదామని వచ్చి జూనియర్ ఆర్టిస్టుగా మిగిలిన కుర్రాడిని చూపిస్తారు. కాలిపోయిన స్టూడియో ఫ్లోరు దగ్గర నిలబడి, ఇక్కడే బిమల్ రాయ్ సినిమాలు తీశారని ధర్మేంద్ర గుర్తుచేసుకునే సన్నివేశం ఉంది. 1966లో చనిపోయిన తన గురువుకు హృషీదా సమర్పించిన నివాళి అది. ఇందులోని పాటలతోనే వాణీ జయరామ్ హిందీలో వెలుగులోకి వచ్చారు. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసి బొంబాయి వెళ్ళిన ఆమె, తర్వాత 'శంకరాభరణం', 'స్వాతికిరణం' పాటలకు జాతీయ పురస్కారాలు అందుకున్నారు. 'గుడ్డీ'లో ఆమె పాడిన ప్రార్థన గీతం ఉత్తరాది బడుల్లో ఉదయం పాటగా స్థిరపడిపోయింది.

1973లో 'అభిమాన్'. అమితాబ్, జయ పెళ్ళి చేసుకున్న ఏడాదే విడుదలైంది. పేరున్న గాయకుడు సుబీర్ పల్లెటూరి అమ్మాయి ఉమను పెళ్ళాడి, ఆమెతోనూ పాడిస్తాడు. ఆమె పాట అతని పాటను దాటిపోతుంది. పెళ్ళి విందులో ఇద్దరూ కలిసి పాడుతున్నప్పుడే, సంగీతం తెలిసిన ఒక పెద్దాయన ఈ ప్రమాదాన్ని పసిగడతాడు. ఆ పాత్ర డేవిడ్‌ది. సుబీర్ భార్యను కొట్టడు, తిట్టడు. ఒంటరిగా తాగుతాడు, ముభావంగా ఉంటాడు, సంతకం కోసం వచ్చిన అభిమానులు తన భార్య వైపు నడిచిపోతుంటే చూస్తూ నిలబడతాడు. అసూయ ఒక ఇంట్లో గది తర్వాత గది ఎలా ఆక్రమిస్తుందో ఇంత ఓపికగా చూపిన హిందీ సినిమా మరొకటి లేదు. ఎస్.డి. బర్మన్ పాటలు కథకు బయట ఎక్కడా నిలబడవు, కథే పాటల్లో నడుస్తుంది.

అయితే 'అభిమాన్' ముగింపు గురించి పేచీ పెట్టుకోవలసిందే. ఉమ గర్భం కోల్పోయి, మౌనంలోకి జారిపోయి, చివరికి భర్తతో కలిసి వేదిక మీద పాడటంతో సమస్య తీరినట్టు సినిమా చెబుతుంది. అహంకారం అతనిది, మూల్యం ఆమెది. 'బావర్చీ' (1972)లో ఉమ్మడి కుటుంబపు కలహాలన్నీ ఒక వంటవాడి మంచి మాటలతో సర్దుకుంటాయి. ఆ కలహాలకు మూలమైన చాకిరీ పంపకం, డబ్బు పెత్తనం అలాగే ఉంటాయి. 'నమక్ హరామ్' (1973)లో ఫ్యాక్టరీ యజమాని కొడుకు కోసం కార్మికుల్లోకి వెళ్ళిన స్నేహితుడు వాళ్ళ పక్షాన మారిపోతాడు. ఆ బలమైన కథ కూడా చివరికి ఒక స్నేహితుడి పశ్చాత్తాపం దగ్గరే ఆగుతుంది. 'ఖూబ్‌సూరత్' (1980)లో ఇంటి నియమాలను ఎదిరించిన అల్లరి పిల్ల, ఇంటిపెద్దకు గుండెపోటు వచ్చినప్పుడు సేవచేసి మన్ననలు పొందుతుంది. మనిషి మారితే చాలు, ఇల్లు మారనక్కర్లేదన్నది హృషీదా నమ్మకం. అది ఆయన బలం, ఆయన హద్దు కూడా. 'సత్యకామ్'లో ఆయన ఆ హద్దు దాటారు. అందుకే ఆ సినిమా మిగతావాటికన్నా ఎత్తున నిలబడుతుంది.

పని తీరు విషయానికి వస్తే, 'ఆనంద్', 'గుడ్డీ', 'బావర్చీ', 'మిలీ', 'చుప్కే చుప్కే', 'గోల్‌మాల్', 'ఖూబ్‌సూరత్' సినిమాలన్నిటి వెనుక నిర్మాత ఎన్.సి. సిప్పీ ఉన్నారు. చాలా షూటింగులు సెట్లు వేయకుండా నిజమైన ఇళ్ళలోనే జరిగేవి. 'చుప్కే చుప్కే' తీసిన బంగళా సిప్పీదే. తర్వాత అది బచ్చన్ కుటుంబం చేతికి వచ్చి 'జల్సా'గా పేరు పొందింది. డేవిడ్, ఓం ప్రకాశ్, అస్రానీ, కేష్టో ముఖర్జీ, దీనా పాఠక్, ఉత్పల్ దత్ మళ్ళీ మళ్ళీ కనిపిస్తారు. ఒకరి లయ ఒకరికి తెలిసిన నటులు కాబట్టి రిహార్సలు తక్కువ పట్టేది. హృషీదాకు గౌట్ (కీళ్ళ వాపు) బాధ ఉండేది. కుర్చీలో కూర్చునే దర్శకత్వం వహించేవారు, షాటుకూ షాటుకూ మధ్య చదరంగం ఆడేవారు. 'బావర్చీ'లో పేర్లు తెర మీద పడవు, బచ్చన్ గొంతు చదివి వినిపిస్తుంది. అవసరం లేనిది ఏదైనా తీసేయొచ్చు అనే ఎడిటర్ బుద్ధి అక్కడా కనిపిస్తుంది.

ఆ బుద్ధికి పరాకాష్ఠ 1979 నాటి 'గోల్‌మాల్'. ఉర్మిళా ట్రేడర్స్ యజమాని భవానీశంకర్‌కు మీసం లేని మగవాడంటే గిట్టదు. ఆటలు, సినిమాలు అంటే పడని, పొదుపరి, పద్ధతైన కుర్రాడే ఉద్యోగానికి కావాలి. సీఏ చదివి నిరుద్యోగిగా ఉన్న రామ్‌ప్రసాద్ పొట్టి కుర్తా తొడుక్కుని, ఫుట్‌బాల్ ఆటగాడు పెలే ఎవరో కూడా తెలియనట్టు నటించి ఆ ఉద్యోగం సంపాదిస్తాడు. ఒకరోజు హాకీ మ్యాచ్ చూస్తూ యజమాని కంటబడతాడు. తప్పించుకోవడానికి, అది తన కవల తమ్ముడు లక్ష్మణ్‌ప్రసాద్, మీసం లేని ఆకతాయి అంటాడు. అక్కడి నుంచి ఒక్కో అబద్ధాన్ని నిలబెట్టడానికి మరో అబద్ధం కావాలి. లేని తల్లిని తేవాలి, ఆ తల్లికీ ఒక కవలను కల్పించాలి. అమోల్ పాలేకర్ మీసం పెట్టుకోవడం తీసేయడం తప్ప మరే హంగూ లేకుండా ఇద్దరు మనుషులను చూపించారు. భవానీశంకర్‌గా ఉత్పల్ దత్ ఆశ్చర్యం, అనుమానం, గర్వం ఒకే ముఖం మీద పరుగులు తీస్తాయి. రాహీ మాసూమ్ రజా సంభాషణల్లో ఒక్క మాట వృథా కాదు. చివరికి ఫొటోలో భవానీశంకర్ కూడా మీసం తీసేసి కనిపిస్తాడు. పాలేకర్‌కు ఉత్తమ నటుడిగా, దత్‌కు ఉత్తమ హాస్యనటుడిగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారాలు వచ్చాయి.

1983లో 'రంగ్ బిరంగీ', 'కిసీ సే న కహనా' తర్వాత వేగం తగ్గింది. వీడియో క్యాసెట్లు, టెలివిజన్ వచ్చి, కుటుంబంతో థియేటరుకు వెళ్ళే మధ్యతరగతిని ఇంట్లో కూర్చోబెట్టాయి. ఆయన ప్రేక్షకులు వాళ్ళే. ఆయన కూడా దూరదర్శన్ కోసం ధారావాహికలు తీశారు. కేంద్ర సెన్సార్ బోర్డుకు, జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థకు అధ్యక్షుడిగా పనిచేశారు. చివరి సినిమా 1998లో వచ్చిన 'ఝూఠ్ బోలే కౌవా కాటే' పెద్దగా నిలవలేదు. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం, 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001 సంవత్సరపు ఎన్టీఆర్ జాతీయ పురస్కారానికి ఆయన్నే ఎంపిక చేసింది. 2006 ఆగస్టు 27న ముంబయిలో కన్నుమూశారు.

ఆయన కథలు తెలుగులోకి ఎలా చేరాయో గమనిస్తే మరో సంగతి తెలుస్తుంది. తపన్ సిన్హా బెంగాలీ సినిమా ఆధారంగా హృషీదా 'బావర్చీ' తీశారు. దాని ఛాయలతో 1997లో గోవిందా 'హీరో నంబర్ 1' వచ్చింది. అది తెలుగులో 2000లో బాలకృష్ణ 'గొప్పింటి అల్లుడు' అయింది. అలాగే 'గోల్‌మాల్' కథాసూత్రం 2012లో 'బోల్ బచ్చన్'గా మారి, మరుసటి ఏడాది వెంకటేశ్, రామ్ నటించిన 'మసాలా'గా తెలుగుకు వచ్చింది. ఉద్యోగం కోసం చెప్పిన అబద్ధం, దాన్ని కాపాడటానికి సృష్టించిన రెండో మనిషి, మోసపోతూ ఉండే యజమాని, అన్నీ అలాగే ఉన్నాయి. అయితే కొత్త రూపాల్లో యజమాని కండబలం ఉన్నవాడు, పహిల్వాను లాంటివాడు. అబద్ధం బయటపడితే దెబ్బలు తప్పవనే భయం కథను తోస్తుంది, మధ్య మధ్య ఫైట్లు వస్తాయి. 1979 నాటి రామ్‌ప్రసాద్‌కు ఆ భయం లేదు. పట్టుబడితే పోయేది నెల జీతం, దానితో పాటు పెళ్ళి కావలసిన చెల్లెలున్న ఇంటి ఆధారం. హృషీదా కథ మొత్తాన్ని ఆ ఒక్క జీతం మీదే నిలబెట్టి, మిగతాదంతా ఎడిటింగ్ బల్ల మీదే వదిలేశారు.